లాబ్రడార్: కుక్క పేరా, ప్రాంతం పేరా, ఒక రైతు పేరా?

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు అట్లాసు ముందేసుకుని కూర్చున్నాడు. కెనడా పేజీలో తూర్పు అంచున, సముద్రం పక్కనే "లాబ్రడార్" అని కనిపించింది వాడికి. వాడి కాళ్ల దగ్గర బ్రూనో నిద్రపోతోంది. నల్ల లాబ్రడార్, నాలుగేళ్లది. మ్యాపు మీద వేలు పెట్టి, "మామయ్యా, బ్రూనో వాళ్ల ఊరు ఇదేనా?" అన్నాడు.

"అవును, అక్కడి కుక్క కాబట్టే ఆ పేరు" అని చెప్పేశాను. ఎవరైనా అదే చెబుతారు. ఆ రాత్రి ఎందుకో అనుమానమొచ్చి వెతకడం మొదలుపెడితే, నేను వాడికి తప్పు చెప్పానని తేలింది. ఆ కుక్క లాబ్రడార్ ప్రాంతానిది కాదు. ఆ మాటకొస్తే, లాబ్రడార్ అనే పేరు కూడా మొదట ఆ ప్రాంతానికి పెట్టింది కాదు. ఒక మనిషి పని పేరు ఐదు వందల ఏళ్లలో చేతులు మారి, మారి, మన ఇళ్లలో తోక ఊపుతూ తిరుగుతోంది. ఆ దారి ఎలా సాగిందో చూద్దాం.

ఇప్పుడు ఈ మాటకు ఉన్న అర్థాలు

తెలుగువాళ్లలో చాలామందికి లాబ్రడార్ అంటే కుక్కే. ముద్దుగా "ల్యాబ్". పసుపు, నలుపు, చాక్లెట్ రంగుల్లో ఉంటుంది. వీఐపీ సభలకు ముందు వేదిక చుట్టూ వాసన చూస్తూ తిరిగే పోలీసు జాగిలాల్లోనూ ఇవి బాగా కనిపిస్తాయి. దీని పూర్తి పేరు లాబ్రడార్ రిట్రీవర్. రిట్రీవర్ అంటే తెచ్చిపెట్టేది. వేటగాడు కాల్చిన పక్షి నీళ్లలో పడ్డా, పొదల్లో పడ్డా, పంటిగాటు పడకుండా నోట కరుచుకుని తెచ్చి చేతిలో పెట్టడం ఈ కుక్క పని. బంతి విసిరితే బ్రూనో అలుపు లేకుండా పరుగెత్తేది అందుకే.

రెండో అర్థం ప్రాంతం. కెనడా తూర్పు కొసన "న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్" అనే రాష్ట్రం ఉంది. అందులో న్యూఫౌండ్‌లాండ్ ఒక పెద్ద దీవి. లాబ్రడార్ ఖండం మీది భాగం. రెండింటి మధ్య సన్నటి జలసంధి. ఈ భౌగోళికం కాస్త గుర్తుపెట్టుకోండి, కుక్క దగ్గరికి వచ్చాక అవసరమవుతుంది. లాబ్రడార్ విస్తీర్ణం దాదాపు 2,94,000 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందు మన ఆంధ్రప్రదేశ్ సుమారు 2,75,000. అంటే ఉమ్మడి రాష్ట్రం కన్నా పెద్దది. 2021 జనాభా లెక్కల్లో అక్కడున్నది మాత్రం 27 వేల మంది లోపే. మన దగ్గర చాలా మండలాల్లో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

ఆ ప్రాంతం పేరే చుట్టుపక్కల వాటికీ అంటుకుంది. గ్రీన్‌లాండ్‌కూ దానికీ మధ్య ఉన్నది లాబ్రడార్ సముద్రం. ఉత్తరం నుంచి మంచుకొండలను మోసుకొచ్చే చల్లటి నీటి ప్రవాహం లాబ్రడార్ ప్రవాహం. ఇది బళ్లో భూగోళంలో చదివినవాళ్లకు గుర్తుండొచ్చు. వెలుతురులో తిప్పితే నీలం, ఆకుపచ్చ మెరుపులు మెరిసే ఒక రాయి ఉంది. 18వ శతాబ్దంలో ఆ తీరాన దొరకడంతో దానికి లాబ్రడొరైట్ అని పేరొచ్చింది.

శ్రమ పడటం నుంచి నాగలి పట్టడం దాకా

ఈ మాట వేరు లాటిన్‌లో ఉంది. లాటిన్‌లో "లబోర్" అంటే శ్రమ, కష్టం. "లబొరారె" అంటే శ్రమపడటం. పోర్చుగీసు భాషలోకి వచ్చేసరికి ఈ క్రియ "లవ్రార్" అయింది. రెండు మార్పులు జరిగాయి. నడుమనున్న ఒక అచ్చు జారిపోయింది, రెండు అచ్చుల మధ్య చిక్కిన "బ" మెత్తబడి "వ" అయింది. మనకు ఇవి కొత్త కాదు. "పలుకు" పద్యంలో "పల్కు" అవుతుంది. కూర, కాయ కలిస్తే "కూరగాయ", తల్లి, తండ్రి కలిస్తే "తల్లిదండ్రులు". పాత కవులు "అపుడు పోయె"ను "అపుడు వోయె" అని రాశారు. బళ్లో గసడదవాదేశం అని బట్టీ పట్టినదంతా ఇలా మాటల నడుమ హల్లులు మెత్తబడే సంగతే.

శబ్దం ఎలా మారిందో చెప్పడం తేలిక. అర్థం మారిన తీరే నాకు ఇంకా నచ్చింది. లాటిన్‌లో ఏ కష్టమైనా "లబోరే". పోర్చుగీసులో "లవ్రార్" అంటే ముఖ్యంగా పొలం దున్నడం. దున్నేవాడు, సాగు చేసేవాడు "లవ్రదోర్". స్పానిష్‌లో ఇదే మాట "బ"తో మిగిలి "లబ్రదోర్" అయింది. మాడ్రిడ్ నగరానికి రక్షకుడిగా కొలిచే పునీతుడి పేరు సాన్ ఇసిద్రో లబ్రదోర్, అంటే రైతు ఇసిద్రో. ఫ్రెంచిలో కూడా ఈ క్రియకు దున్నడమనే అర్థమే స్థిరపడింది. ఇటాలియన్‌లో మాత్రం "లవొరారె" అంటే ఇప్పటికీ ఏ పని చేయడమైనా.

కష్టం అనే పెద్ద మాట దున్నడం అనే చిన్న మాటగా కుదించుకుపోవడం వింతగా అనిపిస్తే, ఒక్కసారి "వ్యవసాయం" అనే మాట తీసుకోండి. సంస్కృతంలో దానికి నిశ్చయం, పట్టుదలతో చేసే ప్రయత్నం అని అర్థం. భగవద్గీత రెండో అధ్యాయంలో "వ్యవసాయాత్మికా బుద్ధిః" అని వస్తుంది. అక్కడ పొలం లేదు, నాగలి లేదు. దృఢంగా నిశ్చయించుకున్న బుద్ధి అని దాని భావం. అదే మాట హిందీలోకి పోయి వృత్తి, వ్యాపారం అయింది. తెలుగులోకి వచ్చి సేద్యం అయింది. ఎక్కువమంది ఒళ్లు వంచి చేసే పని సేద్యమే అయినచోట, "ప్రయత్నం" అంటే అందరి మనసులోకీ అదే వచ్చి ఉంటుంది. పోర్చుగల్‌లోనూ అదే జరిగిందని నా అభిప్రాయం.

దీనికి ఎదురు దారిలో నడిచిన మాట కూడా మన దగ్గరే ఉంది. "కృషి" అంటే సంస్కృతంలో దున్నడం. తెలుగులో మాత్రం కృషి అంటే పట్టుదలతో చేసే ప్రయత్నం. "కృషితో నాస్తి దుర్భిక్షం" అనే నానుడిని మనం కష్టపడితే కరువుండదు అని చెప్పుకుంటాం. పుట్టినప్పుడు దాని అర్థం, పంట పండిస్తే కరువుండదు అని. సంస్కృతంలో ప్రయత్నమైన వ్యవసాయం మనకు సేద్యమైంది. సంస్కృతంలో సేద్యమైన కృషి మనకు ప్రయత్నమైంది. రెండు మాటలూ ఎదురుబొదురుగా చోటు మార్చుకున్నాయి. లాబ్రడార్ కథ పట్టుబడాలంటే ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒకే వేరుకు పుట్టిన ఇంకో రెండు మాటలను మనం రోజూ వాడుతుంటాం. పొద్దున్నే కూలిపని కోసం జనం నిలబడే చోటు "లేబర్ అడ్డా". రక్తపరీక్షకు వెళ్లేది "ల్యాబ్"కు. లేబర్ ఆ "లబోర్" నుంచే వచ్చింది. ల్యాబొరేటరీ అంటే మధ్యయుగపు లాటిన్‌లో పని చేసే చోటు. కుక్కను "ల్యాబ్" అంటాం, పరీక్షాకేంద్రాన్నీ "ల్యాబ్" అంటాం. ఇది యాదృచ్ఛికంగా కలిసిన పోలిక కాదు. రెండూ ఒక్క తల్లి పిల్లలే.

దీవి నుంచి వచ్చిన రైతు

పోర్చుగల్‌కు పడమర, అట్లాంటిక్ నడుమ అజోర్స్ దీవులున్నాయి. వాటిలో తెర్సెయిరా దీవిలో జువావ్ ఫెర్నాండెస్ అనే మనిషి ఉండేవాడు. ఆ పేరు గలవాళ్లు పోర్చుగల్ నిండా ఉన్నారు కాబట్టి, గుర్తు కోసం పేరు వెనక పని చేర్చారు: జువావ్ ఫెర్నాండెస్ లవ్రదోర్. రైతు జువావ్. భూమి ఉండి సాగు చేసుకునేవాడన్నమాట.

ఈ పద్ధతి మనకు ఎంత దగ్గరిదంటే, వేరే ఉదాహరణ కూడా వెతుక్కోనక్కర్లేదు. ఊళ్లో ముగ్గురు సుబ్బయ్యలుంటే ఇళ్లు కట్టే సుబ్బయ్యను "సుబ్బయ్య మేస్త్రీ" అంటాం. ఆ "మేస్త్రీ" కూడా పోర్చుగీసు మాటే, "మెస్త్రె" అంటే పనిలో ఆరితేరినవాడు. పోర్చుగీసువాళ్లు ఓడలెక్కి ఇటు మన తీరానికి వచ్చి మేస్త్రీని, అల్మారాని, ఇస్త్రీని, బొత్తాన్ని మన నోట్లో పెట్టిపోయారు. అదే కాలంలో, అదే జనం, అటు పడమటికి వెళ్లి లవ్రదోర్‌ను మ్యాపులో పెట్టారు.

1499లో పోర్చుగల్ రాజు మొదటి మాన్యుయెల్ ఈ జువావ్ ఫెర్నాండెస్‌కు ఒక పత్రం ఇచ్చాడు. సముద్రంలో కొత్త దీవులు కనిపెడితే వాటి మీద అతనికి అధికారం ఉంటుందని దాని సారాంశం. తర్వాత అతను ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రేవుకు చేరాడు. 1501 మార్చిలో ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ బ్రిస్టల్ వర్తకులతో పాటు అజోర్స్‌వాళ్లు ముగ్గురికి ఇలాంటి పత్రమే ఇచ్చాడు. ఆ ముగ్గురిలో జువావ్ ఒకడు.

అతని గురించి ఇంకో ఆనవాలు ఒక భూతగాదాలో దొరుకుతుంది. అతనితో కలిసి సముద్రం మీదికి వెళ్లిన పెరో ద బార్సెలోస్ అనే భూస్వామి, తన పొలం ఇతరులు ఆక్రమించుకున్నారని తెర్సెయిరాలో ఫిర్యాదు చేశాడు. రాజాజ్ఞ మీద తానూ, జువావ్ ఫెర్నాండెస్ లవ్రదోర్ అనే అతనూ మూడేళ్లు సముద్రం మీద తిరిగామని, తిరిగొచ్చేసరికి ఇక్కడ తన నేల పోయిందని చెప్పుకున్నాడు. కొత్త భూమి వెతకబోయి సొంత భూమి పోగొట్టుకున్నవాడి గోడు అది. ఆ కాగితం ఉండబట్టే, "లవ్రదోర్" అనే మాట ఆ రైతు పేరుకు అంటిపెట్టుకునే ఉండేదని మనకు తెలుస్తోంది. వాళ్ల ప్రయాణం సరిగ్గా ఏ సంవత్సరంలో జరిగిందన్న దాని మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ వాదన ఉంది.

మొదట ఆ పేరు గ్రీన్‌లాండ్‌ది

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. జువావ్ చూసిందనుకుంటున్న నేల ఇప్పటి లాబ్రడార్ కాదు, గ్రీన్‌లాండ్. అంతకు అయిదు వందల ఏళ్ల ముందే నార్వే, ఐస్‌లాండ్ జనం గ్రీన్‌లాండ్‌లో ఊళ్లు కట్టుకున్నారు. 15వ శతాబ్దం ముగిసేసరికి ఆ ఊళ్లు పాడుబడ్డాయి, యూరప్‌తో రాకపోకలు తెగిపోయాయి. దక్షిణం నుంచి వచ్చిన నావికులకు అది కొత్త నేలలాగే తోచింది. 16వ శతాబ్దపు తొలి మ్యాపుల్లో గ్రీన్‌లాండ్ ఉన్నచోట "లవ్రదోర్ నేల" అని రాసి ఉంటుంది.

జర్మనీలోని వోల్ఫెన్‌బ్యూటెల్‌లో భద్రపరిచిన 16వ శతాబ్దపు మ్యాపు ఒకటుంది. దాని మీద ఆ నేల పక్కన స్పానిష్‌లో ఒక వివరణ రాశారు. ఈ నేలను బ్రిస్టల్ ఇంగ్లీషువాళ్లు కనుగొన్నారని, దీని సంగతి మొదట చెప్పినవాడు అజోర్స్ దీవుల రైతు కాబట్టి ఈ పేరు నిలిచిందని దాని భావం. పేరు ఎందుకు వచ్చిందో పాత మ్యాపులు చెప్పడం అరుదు. ఇది చెప్పింది.

తర్వాతి దశాబ్దాల్లో ఓడలు ఎక్కువయ్యాయి, తీరాల గీతలు తేటపడ్డాయి. గ్రీన్‌లాండ్‌కు పాత పేరు తిరిగి దక్కింది. ఖాళీ అయిన "లాబ్రడార్" అనే పేరును మ్యాపులు గీసేవాళ్లు పారేయలేదు. కొద్దికొద్దిగా పడమటికి జరిపి, ఎదురుగా ఉన్న కెనడా తీరం మీద పెట్టారు. అక్కడే స్థిరపడింది.

ఆ నేల మీద అప్పటికే మనుషులున్నారు, వాళ్లకు వాళ్ల పేర్లున్నాయి. ఇన్ను జాతివాళ్లు తమ నేలను నితస్సినాన్ అంటారు. మన నేల అని అర్థం. ఇన్యుయిట్‌లకు తీరం వెంబడి 2005లో స్వపరిపాలన ప్రాంతం ఏర్పడింది. దాని పేరు నునాత్సియావుత్, మన అందమైన నేల అని అర్థం. అక్కడివాళ్లు ఇద్దరూ "మన" అనే మాటతో పేరు పెట్టుకున్నారు. ఆ నేలను చూసి కూడా ఉండకపోవచ్చనిపించే ఒక రైతు పేరు మాత్రం ప్రపంచ పటం మీద మిగిలింది.

కూలీల నేలా, సాగు నేలా: మిగతా వాదనలు

పేరు రైతు జువావ్ నుంచే వచ్చిందని అందరూ మొదటినుంచీ ఒప్పుకోలేదు. ఒక పాత వాదన ప్రకారం లాబ్రడార్ అంటే కూలీల నేల, అంటే కూలీలు దొరికే చోటు. దీని వెనక చేదు నిజం ఒకటుంది. 1501లో గాస్పర్ కోర్తె రియాల్ అనే పోర్చుగీసు నావికుడి ఓడలు ఈ తీరాల వైపు వెళ్లి, అక్కడి మనుషులను పదుల సంఖ్యలో పట్టుకుని లిస్బన్‌కు తీసుకొచ్చాయి. అక్కడున్న వెనిస్ రాయబారి వాళ్లను చూసి, కష్టమైన పనికి, బానిసత్వానికి బాగా పనికొస్తారని తన ఉత్తరంలో రాశాడు. ఆ సంఘటన జరిగింది నిజం. పేరు దాన్నుంచే వచ్చిందని చూపే మ్యాపు గానీ పత్రం గానీ మాత్రం కనిపించదు. పేరు గ్రీన్‌లాండ్ మీద మొదలైందన్న సంగతికీ ఇది అతకదు.

ఇంకో వాదన, దున్నడానికి పనికొచ్చే నేల అని ఆశపడి పెట్టిన పేరు అని. ఇది నిలబడటం ఇంకా కష్టం. 1534లో ఆ దక్షిణ తీరం వెంట ప్రయాణించిన ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియె, అక్కడ ఒక బండెడు మట్టి కూడా కనపడలేదని, ఇది దేవుడు కయీనుకు ఇచ్చిన నేల కాబోలని రాసుకున్నాడు. తమ్ముణ్ణి చంపిన కయీను ఎంత సాగు చేసినా భూమి పండదని బైబిల్లో శాపం. రాళ్లు, నాచు, మంచు తప్ప ఏమీ లేని ఆ తీరాన్ని చూసి ఎవరికీ నాగలి గుర్తుకు రాదు.

సాక్ష్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే, రాజు పత్రం, భూతగాదా కాగితం, మ్యాపు మీది రాత మూడూ జువావ్ వైపే చూపిస్తున్నాయి. చరిత్రకారుల్లో ఎక్కువమంది మొగ్గు అటే. నాకూ అదే సబబనిపిస్తుంది.

కుక్క పుట్టింది పక్క దీవిలో

ఇందాక చెప్పిన భౌగోళికం ఇప్పుడు కావాలి. లాబ్రడార్ కుక్క పూర్వీకులు పెరిగింది లాబ్రడార్‌లో కాదు, జలసంధికి ఇవతల న్యూఫౌండ్‌లాండ్ దీవిలో. ఆ దీవి ముఖ్య రేవు సెయింట్ జాన్స్. చుట్టూ సముద్రంలో కాడ్ చేపలు విస్తారం. వందల ఏళ్లపాటు యూరప్ జాలర్లు అక్కడికి వచ్చి పడుతూనే ఉన్నారు. వాళ్లతో వచ్చిన రకరకాల కుక్కలు కలిసి అక్కడ ఒక జాతి తయారైంది. దాన్ని సెయింట్ జాన్స్ నీటి కుక్క అనేవాళ్లు. పొట్టి వెంట్రుకల నల్ల కుక్క. గాలం నుంచి జారిన చేపను దూకి పట్టడం, నీళ్లలో తేలే తాడు కొసను పడవ దగ్గరికి లాక్కురావడం దాని రోజువారీ పని.

మంచుగడ్డలు తేలే నీళ్లలో ఆ కుక్క ఎలా పని చేసిందో బ్రూనోకు స్నానం చేయిస్తే తెలుస్తుంది. రెండు బకెట్లు పోసినా నీళ్లు పైనుంచే జారిపోతాయి. వెంట్రుకల్లోకి వేళ్లు దూర్చి పాయ తీస్తే, పైన కాస్త జిడ్డుగా ముతక వెంట్రుక, కింద దూదిలాంటి దట్టమైన పొర, ఆ పొర కింద చర్మం ఇంకా పొడిగా ఉంటుంది. షాంపూ లోపలికి పోవాలంటే పావుగంట రుద్దాలి. కాలివేళ్ల మధ్య పల్చటి చర్మం. తోక మొదట్లో లావుగా ఉండి, నీటిపిల్లి తోకలా సన్నబడుతుంది. ఈదేటప్పుడు అదే చుక్కాని. ఇదంతా చల్లటి సముద్రం కోసం తయారైన సామగ్రి. హైదరాబాదు ఎండల్లో ఆ లోపలి పొర ఊడి సోఫాల నిండా పరుచుకుంటుంది. మా అక్క చీపురు అందుకునేది అప్పుడే.

19వ శతాబ్దం మొదట్లో న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పూల్ రేవుకు ఉప్పుచేపలతో ఓడలు వచ్చేవి. వాటితో పాటు ఈ కుక్కలూ దిగాయి. పూల్ దగ్గరే ఎస్టేటు ఉన్న మామ్స్‌బరీ ప్రభువులు నీటిబాతుల వేటకు వీటిని తీసుకున్నారు. 1880లలో మూడో మామ్స్‌బరీ ప్రభువు తన కుక్కల్లో కొన్నింటిని స్కాట్లండ్‌లోని బక్లూ ప్రభువుల కుటుంబానికి ఇచ్చాడు. నెడ్, ఏవన్ అనే రెండు కుక్కలు వాటిలో ఉన్నాయి. ఇప్పటి లాబ్రడార్‌ల వంశవృక్షంలో ఆ రెండింటి పేర్లూ మొదట్లోనే వస్తాయి. 1903లో ఇంగ్లండ్‌లో కుక్కజాతులను నమోదు చేసే కెనెల్ క్లబ్, 1917లో అమెరికన్ కెనెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించాయి. పుట్టిన దీవిలో ఆ మాతృజాతి తగ్గిపోతుండగా, ప్రభువుల ఎస్టేట్లలో బిడ్డజాతి స్థిరపడిందన్నమాట.

ఇక అసలు లాబ్రడార్ ప్రాంతంలో పాతకాలం నుంచి ఉన్న కుక్కలు వేరు. అవి ఇన్యుయిట్‌ల మంచుబండ్లు లాగేవి. నిక్కబొడిచిన చెవులు, వీపు మీదికి మెలితిరిగిన తోక, మందమైన బొచ్చు. బ్రూనో పక్కన నిలబెడితే చుట్టరికం ఉందని ఎవరూ అనరు.

మరి న్యూఫౌండ్‌లాండ్ అని ఎందుకు పిలవలేదు?

ఎందుకంటే ఆ పేరు అప్పటికే ఇంకో కుక్కకు పోయింది. అదే దీవి నుంచి ఇంగ్లండ్‌కు వచ్చిన భారీ, పొడుగు బొచ్చు కుక్కను న్యూఫౌండ్‌లాండ్ అని పిలుస్తున్నారు. చిన్నదానికి, పొట్టి వెంట్రుకలదానికి వేరే పేరు కావాలి. ఇంగ్లండ్‌లో కూర్చున్నవాళ్లకు అట్లాంటిక్ అవతల ఆ చేపల తీరమంతా ఒకటే. న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ అనే పేర్లను కలిపే వాడేవాళ్లు. ఒక పేరు పెద్ద కుక్కకు పోగా మిగిలిన పేరు చిన్న కుక్కకు వచ్చింది. మూడో మామ్స్‌బరీ ప్రభువు 1887లో రాసిన ఉత్తరంలో తమ కుక్కలను ఎప్పుడూ లాబ్రడార్ కుక్కలనే పిలుస్తామని చెప్పాడు. పేరు ఇంటి వాడుకగా మొదలై జాతి పేరు అయిన తీరు అందులో కనిపిస్తుంది.

దీనికి పోటీగా ఒక వివరణ ప్రచారంలో ఉంది. పోర్చుగీసు జాలర్లు ఈ కుక్క కష్టపడి పని చేయడం చూసి "లవ్రదోర్" అన్నారని, కాబట్టి కుక్క పేరు ప్రాంతం నుంచి కాక నేరుగా ఆ మాట నుంచే వచ్చిందని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఉత్తర పోర్చుగల్‌లో కాస్త్రో లబొరెయిరో అనే ఊరి కుక్కజాతి ఒకటి ఉంది. పేరులోని పోలిక చూసి దాన్ని కూడా ఈ వాదనకు జతచేస్తారు. నాకు ఇది ఒప్పుదల కాదు. మొదటి కారణం, పోర్చుగీసులో లవ్రదోర్ అంటే దున్నేవాడు, చేపలు పట్టే కుక్కను ఎవరూ అలా పిలవరు. రెండోది, ఆ పేరు కుక్కకు స్థిరపడింది ఇంగ్లండ్‌లో, ఇంగ్లీషు ప్రభువుల వాడుకలో. వాళ్లకు లాబ్రడార్ అంటే మ్యాపు మీది తీరమే. మాట లోపలి అర్థం వాళ్లకు పట్టలేదు.

అల్సేషియన్, పమేరియన్, ముధోల్

ప్రాంతం పేరు కుక్కకు పడటం ఒక్క లాబ్రడార్‌తోనే ఆగలేదు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ జర్మన్ షెపర్డ్‌ను "అల్సేషియన్" అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో జర్మన్ అనే మాటే గిట్టేది కాదు. అందుకని ఆ కుక్కకు ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులోని అల్సాస్ ప్రాంతం పేరు తగిలించారు. బ్రిటన్‌లోని కెనెల్ క్లబ్ 1977లో పాత పేరును తిరిగి ఒప్పుకుంది. ఆ వార్త మన వాడుక దాకా పూర్తిగా రాలేదు.

"పమేరియన్" సంగతి ఇంకా తమాషా. పొమెరేనియా బాల్టిక్ సముద్రపు ఒడ్డున, పోలండ్, జర్మనీల్లో పరుచుకున్న ప్రాంతం. స్లావిక్ భాషలో "పో మోర్యె" అంటే సముద్రం వెంబడి. మనం కోస్తా అన్నట్టు. ఆ కోస్తా కూడా పోర్చుగీసు మాటే! మన ఇళ్లలో పమేరియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన జర్మన్ స్పిట్జ్ నుంచి మన వేడికి తట్టుకునేలా ఇక్కడే పెరిగిన జాతి అది.

ముధోల్ విషయంలో పొరపాటు పడితే మన జిల్లాకే చేరతాం. వేటకుక్కగా పేరుపడ్డ ముధోల్ హౌండ్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌ది. నిర్మల్ జిల్లాలోనూ ముధోల్ ఉంది. పేరు కలిసింది, కుక్క కలవలేదు. ఇక తమిళనాడు రాజపాళయం కుక్క మాత్రం నిజంగా ఆ ఊరిదే. ఆ ఊళ్లో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు ఉన్నాయి.

దారి తిరగబడ్డ పేరు ఒకటి చెప్పి ఇది ముగిస్తాను. స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో పెద్ద పెద్ద కుక్కలు ఉండేవని, అందుకే ఆ పేరని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. లాటిన్‌లో "కానిస్" అంటే కుక్క. అక్కడ కుక్క పేరు దీవికి వెళ్లింది, దీవి పేరు అక్కడి పసుపు పిట్టకు వెళ్లింది. పంజరంలో పాడే కెనరీ పిట్ట పేరులో కుక్క ఉందని తెలిసినప్పుడు మా మేనల్లుడు అరగంట నవ్వాడు.

బ్రూనో ఛాతీ మీది మచ్చ

బ్రూనోను కొన్నప్పుడు అమ్మిన మనిషి ధర తగ్గించి ఇచ్చాడు. నల్లటి ఒంటి మీద, ముందుకాళ్ల నడుమ, రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ ఉంది. "ఇది కలిసిన జాతండీ, అసలు ల్యాబ్ కాదు" అన్నాడు. బావ నాలుగేళ్లుగా అదే నమ్ముతున్నాడు, అడిగినవాళ్లకు అదే చెబుతున్నాడు.

సెయింట్ జాన్స్ నీటి కుక్కల పాత ఫొటోలు చూస్తే ఆ మచ్చ ఎక్కడిదో తెలుస్తుంది. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద తెలుపు, కొన్నిటికి పాదాల మీద కూడా. ఆ తెలుపు ఆ జాతి గుర్తు. గొర్రెలను కాపాడటానికి కుక్కల మీద ఆంక్షలు, ఇంగ్లండ్ పెట్టిన క్వారంటైన్ నిబంధనల వంటివన్నీ కలిసి న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ జాతిని తుడిచేశాయి. గ్రాండ్ బ్రూయిట్ అనే మారుమూల పల్లెలో రెండు ముసలి మగ కుక్కలు చివరికి మిగిలాయి. 1980ల తర్వాత అవీ లేవు. లాబ్రడార్‌లలో అప్పుడప్పుడూ ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చతో పిల్లలు పుడుతూనే ఉంటాయి. అమెరికన్ కెనెల్ క్లబ్ జాతి ప్రమాణంలోనూ దానికి అనుమతి ఉంది.

ఈ సంగతి చెప్పాక మేనల్లుడు బ్రూనోను వెల్లకిలా పడుకోబెట్టి, ఆ మచ్చ చుట్టూ వెంట్రుకలు పాయలు తీసి చాలాసేపు చూశాడు. తర్వాత అట్లాసు తెచ్చి, లాబ్రడార్ మీద తను పెన్సిల్‌తో గీసుకున్న కుక్కబొమ్మను రబ్బరుతో చెరిపేసి, కింద దీవి మీద, సెయింట్ జాన్స్ పక్కన మళ్లీ గీశాడు. ఈసారి ఛాతీ మీద కొంచెం చోటు నలుపు పూయకుండా వదిలేశాడు.